పెట్టెతోబాటు పోవలసిన చీటి

జూబిలీహిల్స్ చెక్‌పోస్టు నుండి ఫిల్మ్‌నగరు వైపు పోవువారికి స్టూడియోల ప్రహరీ గోడలును, నిర్మాణ సంస్థల నామఫలకములును కనిపించును. ఆ గోడల వెనుక జరుగు పని యెట్టిదో మన యిండ్లలో అందఱకును కొంత తెలియును. దీపములు, కెమెరా, వేషములు, దర్శకుని కేకలు - ఇవి యెల్ల చిత్రములలోనే చిత్రములుగా చూపబడినవి. కాని గడచిన పాతిక సంవత్సరములలో ఈ ప్రాంతమున మఱియొక విధమైన పనిశాల వెలసినది. అందు దీపములు తక్కువ. చల్లని గదులు, వరుసగా తెరలు, వానిపై చూపు నిలిపిన యువతీయువకులు. లేని కోటను కట్టుట, లేని జలపాతమును దూకించుట వారి వృత్తి. 2012లో వచ్చిన 'ఈగ' చిత్రమున కథానాయకుడే యట్లు పుట్టినవాడు. ఆ పనికి మకుట సంస్థవారికి జాతీయ పురస్కారము లభించినది.

మేము నేడు ప్రస్తావింపదలచినది ఆ ఈగను గూర్చి కాదు. ఆ పనివారు వాడు పనిముట్లతోబాటు రావలసిన యొక చిన్న చీటిని గూర్చి. వినుటకు స్వల్ప విషయము. అయినను అది లేని దినమున పనిశాలలో ఎంత గందరగోళము కలుగునో మావంటి సాఫ్ట్‌వేరు పనివారికి బాగుగా తెలియును.

చీటి యనగా ఏమో మొదట చిత్రముల భాషలోనే చెప్పుకొందము. చలనచిత్రము సెల్యులాయిడు ఫిలిముపై నడచిన దినములలో, విజయవాడ గాంధీనగరము నందలి పంపిణీ కార్యాలయముల నుండి ప్రింట్లు రేకు డబ్బాలలో, పెట్టెలలో బస్సులమీదను, రైళ్ళమీదను ఊరూరికి పోయెడివి. 1000 అడుగుల రీలు, నిమిషమునకు 90 అడుగుల చొప్పున, 11 నిమిషములు నడచును. 16 రీళ్ళ చిత్రమనగా ఆపరేటరు వరుస తప్పక ఎక్కింపవలసిన 16 చుట్టలు. డబ్బాపై చిత్రము పేరును, రీలు సంఖ్యయు ఉండును. ఫిలిము మొదటనుండు లీడరు తునుకపైనను అవియే యుండును. బొమ్మకు ఈ చీటితో సంబంధము లేదు. చీటి చినిగినంత మాత్రమున బొమ్మ చెడదు. కాని చీటి లేని రాత్రి ఏడవ రీలు ఆఱవదానికి ముందు పడి, చనిపోయిన పాత్ర లేచివచ్చి యుగళగీతము పాడును. తరువాత ఈలలతో హాలు ఎట్లు మారుమ్రోగునో వర్ణింప నక్కఱలేదు.

ఇప్పుడు చిత్రము సంఖ్యల రూపమున పోవుచున్నది. అమెరికాలోని పెద్ద నిర్మాణ సంస్థలు 2002లో ఒక సంఘముగా నేర్పడి 2005లో ప్రకటించిన నియమావళి ననుసరించి థియేటరునకు పంపు మూటను డిజిటల్ సినిమా ప్యాకేజి యందురు. అందు బొమ్మకును, శబ్దమునకును పెద్ద ఫైళ్ళుండును. వాని ప్రక్కన చిన్న ఫైళ్ళు కొన్ని యుండును. ఏ గుర్తింపు సంఖ్య గల వస్తువు ఏ ఫైలులో నున్నదో ఒకటి చెప్పును. ప్రతి ఫైలు పరిమాణమెంత, దారిలో ఏదైన చెడినదా యని తేల్చుకొనుటకు దాని ముద్ర యేమి - ఇది మఱియొకటి చెప్పును. ఏ రీలు తరువాత ఏ రీలు అన్నది మూడవది. చిత్రమిది యేమనగా, ఫిలిము పోయినను 'రీలు' అను మాట ఆ నియమావళిలో నిలిచియే యున్నది. బొమ్మ ఫైళ్ళు వేల కోట్ల బైట్లు. ఈ చీటీలు కొన్ని వేల బైట్లు మాత్రమే. అయినను మొదటి చీటి లేనిచో థియేటరులోని యంత్రము ఆ మూటను లోపలికి తీసికొననే తీసికొనదు.

ఇక పనిముట్ల సంగతి. కంప్యూటరు ప్రోగ్రాము వ్రాయువాడు అన్నిటిని తానే వ్రాయడు. బొమ్మను తెఱచుటకు ఒకరు వ్రాసినది, శబ్దమును విడదీయుటకు మఱియొకరు వ్రాసినది తెచ్చుకొని తన దానిలో కలుపుకొనును. అట్లు కలుపుకొనుటకు సిద్ధముగా నుంచిన దానిని లైబ్రరీ యందురు. చిత్రపరిశ్రమకు మిక్కిలి యావశ్యకమైన లైబ్రరీ ఒకటి ఓపెన్ ఈఎక్స్‌ఆర్. 'స్టార్ వార్స్' చిత్రములకు మాయలు చేసిన ఇండస్ట్రియల్ లైట్ అండ్ మ్యాజిక్ సంస్థవారు తమ యవసరమునకై దానిని నిర్మించి, 2003లో అందఱకును ఉచితముగా విడుదల చేసిరి. మిట్టమధ్యాహ్నపు సూర్యుని వెలుగును, గుడిలోని దీపపు నీడను ఒకే బొమ్మలో నష్టము లేక దాచగలుగుట దాని గొప్పదనము. సెకనుకు 24 చట్రములు, నిమిషమునకు 1440. ప్రతి చట్రమును ఒక ఫైలుగా వ్రాసి ఒక సంస్థనుండి మఱియొక సంస్థకు పంపుకొందురు. 'బాహుబలి' వంటి చిత్రములకు పలు సంస్థలు పలు నగరములలో పని పంచుకొన్నవి. అట్లు పంచుకొనవలెనన్న అందఱును చదువగల బొమ్మ యొకటి ఉండి తీరవలెను గదా!

ఇట్టి లైబ్రరీని లినక్సు కంప్యూటర్లకు పంపునపుడు రెండు మూటలుగా పంపుట ఆచారము. మొదటి మూట ప్రోగ్రామును నడుపువారి కొఱకు. రెండవది ప్రోగ్రామును నిర్మించువారి కొఱకు. దానిని డెవలప్‌మెంటు ప్యాకేజి యందురు. ఈ భేదము డబ్బింగు తెలిసినవారికి వెంటనే బోధపడును. తెలుగు చిత్రమును చూచుటకు విడుదల ప్రింటు చాలును. దానినే హిందీలో మాట్లాడింపవలెనన్న ప్రింటు చాలదు. మాటలు లేని, సంగీతమును ఇతర శబ్దములును మాత్రమే గల ట్రాకు వేఱుగా కావలెను. సంభాషణ ఎక్కడ మొదలై ఎక్కడ ముగియునో తెలుపు పట్టిక కావలెను. పట్టిక లేకున్న ట్రాకు చేతిలో నుండియు డబ్బింగు థియేటరులో రోజు బాడుగ దండుగ.

డెవలప్‌మెంటు మూటలో నుండు పట్టికయే మా చీటి. దాని పేరు చివర 'పీసీ' అను రెండక్షరము లుండును. తెఱచి చూచినచో పది పదునైదు పంక్తులకు మించదు. పేరు ఒక పంక్తి. వర్ణన ఒక పంక్తి. ప్రతి సంఖ్య ఒక పంక్తి. ఈ లైబ్రరీ పనిచేయుటకు ఇంక ఏ లైబ్రరీ కావలెనో 'రిక్వైర్స్' అను పంక్తి చెప్పును. వస్తువు ఏ అరలో నున్నదో, దానిని కలుపునపుడు ఏ మాట చెప్పవలెనో తక్కినవి చెప్పును. ఈ చీటీలను చదివిపెట్టు పనిముట్టు పేరు పీకేజీ కాన్‌ఫిగ్. 2000 ప్రాంతమున గ్నోమ్ అను డెస్క్‌టాప్ నిర్మాతలలో నొకరైన జేమ్స్ హెన్‌స్ట్రిడ్జ్ దానిని మొదలిడెను. అంతకు పూర్వము ప్రతి లైబ్రరీయు తన సంగతి చెప్పుటకు తన సొంత స్క్రిప్టును వెంటబెట్టుకొని వచ్చెడిది. పెండ్లికి వచ్చిన ప్రతి చుట్టమును తన వంటవానిని తోడ్తెచ్చుకొన్నట్లుండెడిది ఆ యేర్పాటు.

చీటి లేకపోయిన నేమగును? రెండు విధములుగా నగును. మొదటిది మేలు. నిర్మాణము ఆగిపోవును. వీడియో పనివారందఱికిని పరిచితమైన ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అను సాధనమును నిర్మించునపుడు, ఉపశీర్షికల లైబ్రరీయైన లిబాస్ కావలెనని అడిగితిమనుకొందము. దాని చీటి దొరకనిచో 'పీకేజీ కాన్‌ఫిగ్ ద్వారా లిబాస్ కనబడలేదు' అని చెప్పి యంత్రము చేతులెత్తివేయును. లైబ్రరీ డిస్కు మీదనే యుండవచ్చును. పని నేర్చుకొనుచున్న కుఱ్ఱవాడు దానిని కన్నులార చూచి, ఉన్నది కనబడలేదనుచున్నదేమని జుట్టు పీకికొనవచ్చును. అయినను ఆగుట మేలే. లోపము తెలిసినది, వెదకవచ్చును.

రెండవది కీడు. నిర్మాణము ఆగదు. చీటి కనబడలేదు కావున ఆ సౌకర్యము లేదనుకొని, దానిని విడిచిపెట్టి, పని ముగిసినదని యంత్రము సంతోషముగా చెప్పును. ఇది మన తెలుగునకు ఎట్లు తగులునో చూడుడు. తెలుగు వ్రాత ఇంగ్లీషు వ్రాతవలె అక్షరము ప్రక్కన అక్షరము పేర్చుట కాదు. వత్తు క్రిందికి పోవలెను, గుడి పైకి పోవలెను, రెండు మూడు హల్లులు ఒక ముద్దగా నేర్పడవలెను. ఈ కూర్పును చేయు లైబ్రరీ హార్ఫ్‌బజ్. పారసీకమున 'తెఱచిన అక్షరము' అని దాని యర్థము. 'హర్ఫు' అనగా నేమో హైదరాబాదువారికి మేము చెప్పనక్కఱలేదు. నేడు చేతిఫోనులలో తెలుగు తీరుగా కనబడుటకు చాలవఱకు ఇదియే కారణము. ఉపశీర్షికలను తెరపై వ్రాయు లిబాస్ లైబ్రరీలో హార్ఫ్‌బజ్ చిరకాలము ఐచ్ఛికముగా నుండెను. అది లేకయు నిర్మాణము సాగెడిది. ఇంగ్లీషు ఉపశీర్షికలతో పరీక్షించినచో లోపమేమియు కనబడదు. తెలుగు ఉపశీర్షిక వేసినప్పుడు 'స్త్రీ' యను మాటలో సకారమునకు పొల్లు, తకారమునకు పొల్లు, ఆ వెనుక రేఫము విడివిడిగా తేలియాడును. చదువువాడు తెలుగు ఫాంటును తిట్టును. ఫాంటు వ్రాసినవాడు ఏ పాపమును ఎఱుగడు. ఎక్కడో ఒక మూటలో హార్ఫ్‌బజ్ చీటి చేరకపోవుట దానికి మూలము కావచ్చునని తెరముందు కూర్చున్నవానికి ఎట్లు తోచును?

ఈ సందర్భమున ఒక అభ్యంతరమును వినుచుందుము. నేడు లైబ్రరీలను నిర్మించువారిలో పలువురు సీమేక్ అను వేఱొక సాధనమును వాడుదురు. దానికి దాని చీటీలే యున్నవి. పాత చీటీలు ఇంకెందులకు అని. విజువల్ ఎఫెక్ట్సు లోకమున సీమేక్ వాడుక హెచ్చు అన్నది నిజమే. ఓపెన్ ఈఎక్స్‌ఆర్ వారు మాత్రము రెండు విధములైన చీటీలను కూడ మూటలో పెట్టుచున్నారు. మా యభిప్రాయమున అదియే మర్యాద. ఇంటికి వచ్చినవాడు కాఫీ త్రాగునో, టీ త్రాగునో మనకు ముందు తెలియదు. పది పంక్తుల ఫైలును కూడ పెట్టుటకు బరువేమి?

అట్లని చీటి యన్న పేరుగల ప్రతి దానిని మూటలో పెట్టుమని మేము చెప్పము. పెట్టరాని చీటి యొకటి కలదు. దాని పేరు చివర 'ఎల్‌ఏ' అని యుండును. గ్నూ సంస్థవారి కొఱకు గోర్డన్ మాట్జిగ్‌కైట్ 1996లో మొదలిడిన లిబ్‌టూల్ అను సాధనము దానిని పుట్టించును. ఆనాడు యూనిక్సు యంత్రములు పెక్కు తెగలుగా నుండెను. ఒకదానిపై లైబ్రరీ నిర్మించు పద్ధతి మఱియొకదానిపై చెల్లకుండెను. ఆ కాలమున అది గొప్ప యుపకారము. కాని ఆ చీటి స్వభావము విచిత్రమైనది. తనకు కావలసిన లైబ్రరీలను చెప్పి యూరకుండదు. వానికి కావలసినవి, వానికి కావలసిన వానికి కావలసినవి - అన్నిటిని పూర్తి చిరునామాలతో వ్రాసికొనును. ఒకరిని భోజనమునకు పిలిచిన, వారి వియ్యంకుల మేనమామల యింటి నంబర్లు సైతము అడిగినట్లు! ఆ మేనమామ ఇల్లు మారినచో భోజనమే నిలిచిపోవును. ఒక మూటవారు తమ 'ఎల్‌ఏ' ఫైలును తీసివేసిన, దానిని పేర్కొన్న తక్కిన మూటలన్నియు ఒక్కసారి 'ఆ ఫైలు లేదు' అని మొఱపెట్టును.

లినక్సులో లైబ్రరీ ఫైలే తనకు ఏయే లైబ్రరీలు కావలెనో తనలో వ్రాసికొని యుండును గనుక, ఈ రెండవ సాక్ష్యము సాధారణముగా అనావశ్యకము. కావుననే ఫెడోరావారు 'ఎల్‌ఏ' ఫైళ్ళను మూటలలో చేర్చరాదని నియమము చేసిరి. డెబియన్‌వారు ఒక్కసారిగా తీసివేసిన గొలుసు తెగునని యెఱిగి, ముందుగా ఆ బంధువుల పట్టిక గల పంక్తిని ఖాళీ చేయించి, అవసరము లేనిచోట్ల పిమ్మట ఫైలునే తొలగించుచు వచ్చిరి. ఓపికగల పద్ధతి. లిబ్‌టూల్ సహాయముతోనే ప్లగిన్లను తెఱచు ప్రోగ్రాములు కొన్ని కలవు, వానికి మినహాయింపు.

చీటి ఎవరు వ్రాయవలెను? దీనిని గూర్చి మాకు గట్టి యభిప్రాయము కలదు. లైబ్రరీని నిర్మించినవారే వ్రాయవలెను. మూట కట్టువారు వ్రాయరాదు. రీలు సంఖ్య వేయవలసినది ల్యాబు గాని పెట్టెను బస్సు మీద వేయువాడు కాదు. మూట కట్టువాడు మంచి యుద్దేశముతోనే తన యూహకు తోచిన పేరుతో ఒక చీటి వ్రాసి పెట్టెననుకొనుడు. అతని లినక్సుపై ప్రోగ్రాము నిర్మాణమగును. ఆ పేరును నమ్ముకొన్న ప్రోగ్రాము మఱియొక లినక్సుపై నిలువునా కూలును. చీటి లేదని మూలకర్తకు వ్రాసి, వారిచేతనే చేర్పించుట ఆలస్యమైనను క్షేమము.

మూలకర్తలే పేరు మార్చిన సందర్భమును చూతము. ఓపెన్ ఈఎక్స్‌ఆర్ తో చాలకాలము 'ఐఎల్ఎం బేస్' అను సహాయక లైబ్రరీ కలిసి యుండెడిది; దానికి ఆ పేరుతోనే చీటి. 2021లో మూడవ ప్రధానమైన ప్రతి వెలువడినపుడు ఆ సహాయకము మాయమై, గణితభాగము 'ఐమ్యాత్' అను స్వతంత్ర లైబ్రరీగా వేఱుపడినది. పాత చీటి పోయి కొత్త చీటి వచ్చినది. ఐఎల్ఎం బేస్ కావలెనని పేరుపెట్టి అడుగు పాత ప్రోగ్రాములన్నియు కొత్త యంత్రముపై జవాబు లేక నిలిచినవి. మార్పు మంచిదే; కర్తలు దారి చూపు పత్రమును కూడ ప్రకటించిరి. పెద్ద సంస్థలలో ఇట్టి మార్పులను కనిపెట్టి యుండుటకే మనుష్యులుందురు. పైగా, ఏ సంవత్సరమున ఏ లైబ్రరీ ఏ ప్రతి వాడవలెనో విజువల్ ఎఫెక్ట్సు సంఘమువారి ప్రోత్సాహమున 2014 నుండి ఏటేట ఒక పట్టిక వెలువడుచున్నది. ఫిల్మ్‌నగరు వీథిలో నాలుగు యంత్రములతో నడచు చిన్న పనిశాలకు అట్టి మనుష్యుడు ఉండడు. బొమ్మను చేయు చేతులే పనిముట్టును బాగుచేసికొనవలెను. శుక్రవారము విడుదల. బుధవారము రాత్రి కొత్త యంత్రముపై పాత ప్రోగ్రాము నిర్మాణము కాలేదు. అప్పుడు చీటిలోని ఒక్క పంక్తి విలువ ఎంతయో రూపాయలలో చెప్పవచ్చును.

ఇది విడుదలతో ముగియు సంగతియు కాదు. 1957 నాటి 'మాయాబజార్' 2010లో హైదరాబాదు సంస్థ చేత రంగులు దాల్చి మరల థియేటర్లకు వచ్చినది. నలుపు తెలుపుల ఫిలిము వెలుగును గుర్తుంచుకొనును గాని రంగును గుర్తుంచుకొనదు. ఏ పట్టుబట్ట ఏ రంగో ఫిలిమునందు వ్రాసియుండదు. పనివారు నిర్ణయించుకొనవలసి వచ్చును. 2022లో 'పోకిరి' వంటి చిత్రములు 4కె ప్రతులుగా మరల విడుదలయై కిక్కిరిసిన హాళ్ళలో ఆడినవి. మఱి పది యేండ్లకు నేటి చిత్రములలోని మాయాదృశ్యములను తెఱచి సరిచేయవలెనన్న, నేటి పనిముట్లను నేటి ప్రతులతోనే మరల నిర్మింపవలసి రావచ్చును. బొమ్మలు భద్రముగా దాచినను, ఏ పనిముట్టునకు ఏది ఎన్నవ ప్రతి కావలసెనో తెలుపు పంక్తి దాచనిచో, రంగు తెలియని పట్టుబట్ట వంటిదే అదియును.

ఒక చిక్కు మిగిలినది. చీటిలో లైబ్రరీ యున్న చోటును పూర్తి చిరునామాగా వ్రాయుదురు. స్టూడియోలు లైబ్రరీలను ఒక్కొక్క యంత్రముపై గాక అందఱకును ఉమ్మడియైన డిస్కుపై ఉంచుకొనుట కలదు. మూటను అచ్చటికి కదలించిన, చీటి పాత యింటినే చూపుచుండును. దీనికి విరుగుడు రెండు. చీటిని చదువునపుడే అది యున్న చోటునుబట్టి మొదటి చిరునామాను సరిచూచుకొనుమని పీకేజీ కాన్‌ఫిగ్‌కు చెప్పవచ్చును. లేదా చీటి వ్రాయునపుడే మొదట ఒక్క పంక్తిలో మూలస్థానమును చెప్పి, తక్కిన చోట్లనెల్ల దానినిబట్టియే వ్రాయవచ్చును. రెండవది మేము హెచ్చుగా మెత్తుము. ఇల్లు మారినపుడు దిద్దవలసినది ఒక్క పంక్తి.

మూట కట్టువారు పరీక్షించుకొను విధము సులభము. తమ పనియంత్రముపై పరీక్షింపరాదు. అందు ఏండ్ల తరబడి చేరిన లైబ్రరీలు లేని లోపమును కప్పిపుచ్చును. ఏమియు లేని క్రొత్త లినక్సును ఒక కంటెయినరులో తెఱచి, డెవలప్‌మెంటు మూటను ఒక్కదానినే అందు దింపవలెను. పీకేజీ కాన్‌ఫిగ్‌ను పిలిచి లైబ్రరీ ప్రతి సంఖ్య అడుగవలెను. చెప్పిన సంఖ్య మూటపై నున్న సంఖ్యతో సరిపోవలెను. తరువాత ఒక్క బొమ్మను తెఱచి మూయు పది పంక్తుల ప్రోగ్రామును వ్రాసి, చీటి చెప్పిన మాటలు తప్ప వేఱొక మాట కలుపక నిర్మించి చూడవలెను. 'రిక్వైర్స్' పంక్తిలో ఒక పేరు తప్పిపోయినచో ఇక్కడనే తెలియును. దీనికి పట్టు కాలము పది నిమిషములు.